పచ్చళ్ల షాపు వెబ్‌సైట్ బాగుందో లేదో ఎవరి మాట నమ్మి తేల్చుకోవాలి?

మిగతావాళ్లకూ అర్థం కావాలి కాబట్టి ముందు మీ ప్రశ్నను రెండు ముక్కల్లో చెబుతాను. హైదరాబాద్ హబ్సిగూడలో మీ అమ్మగారు మొదలుపెట్టిన పచ్చళ్లు, పిండివంటల షాపు ఉంది. నాలుగేళ్ల కిందట ముప్ఫై అయిదు వేలు పెట్టి వెబ్‌సైట్ చేయించారు. షాపుకు జనం వస్తున్నారు, బోర్డు మీదున్న నంబరుకు వాట్సాప్‌లో ఆర్డర్లు వస్తున్నాయి, సైట్ నుంచి మాత్రం నెలకు మూడో నాలుగో. సైట్ చేసినతను "డిజైన్ సూపర్‌గా ఉంది, మార్కెటింగ్ చేయాలి" అంటున్నాడు. ఇంకో ఏజెన్సీ వాళ్లు "డిజైన్ పాతబడింది, మొత్తం మార్చాలి, లక్షా పదివేలవుతుంది" అంటున్నారు. ఇద్దరిలో ఎవరిది నిజం అని అడిగారు.

ఇద్దరి మాటా ఇప్పుడే నమ్మకండి. చేసినతను తన పనిని తానే బాగాలేదని అనడు, కొత్తది అమ్మాలనుకునేవాళ్లు ఉన్నది బాగుందని అనరు. ఎవరి వ్యాపారం వాళ్లది, తప్పు పట్టక్కర్లేదు. నేను చాలా ఏళ్లుగా హైదరాబాద్‌లో చిన్న వ్యాపారాల సైట్లు చూసి తప్పొప్పులు చెప్పే పని చేస్తున్నాను. స్వీట్ షాపులు, బొటిక్‌లు, క్లినిక్‌లు, కోచింగ్ సెంటర్లు, ఇలాంటివే ఎక్కువ. ఏ సైట్ అయినా నేను ముందు చూసేది ఒకటే, వచ్చినవాళ్లు ఏ పని మీద వచ్చారో ఆ పని పూర్తి చేసుకుని వెళ్లగలుగుతున్నారా అని. పూర్తవుతుంటే రంగులు పాతవైనా సైట్ మంచిదే. పూర్తి కాకపోతే ఎంత అందంగా ఉన్నా దండగే.

ఆ ఇద్దరి గొడవ తీర్చడానికి నిజానికి ఒక్క అంకె చాలు, సైట్‌కు నెలకు ఎంతమంది వస్తున్నారన్నది. నెలకు నలభై మంది వచ్చి నలుగురు కొంటున్నారంటే సైట్ బాగానే పనిచేస్తోంది, జనమే రావడం లేదు, చేసినతని మాటే నిజం. పదిహేను వందల మంది వచ్చి నలుగురే కొంటున్నారంటే, మిగతావాళ్లు సైట్ లోపలే ఎక్కడో ఆగిపోతున్నారు, ఇంకా ప్రకటనలు ఇచ్చి జనాన్ని తెస్తే వాళ్లూ అక్కడే ఆగిపోతారు. ఈ అంకె మీ ఇద్దరు సలహాదారుల్లో ఒక్కరూ అడగలేదు, మీరూ రాయలేదు. రాయలేకపోవడానికి కారణం కూడా కనబడింది. మీ సైట్‌లో పెట్టిన గూగుల్ అనలిటిక్స్ (సైట్‌కు ఎంతమంది వస్తున్నారో లెక్కపెట్టే సాధనం) కోడ్ 'యూఏ' అని మొదలయ్యే పాత రకం. ఆ పాత వెర్షన్ 2023 జులై 1 నుంచి కొత్త లెక్కలు తీసుకోవడం మానేసింది, అంటే అప్పటి నుంచి మీ సైట్‌కు ఎవరొచ్చారో ఎవరూ లెక్కపెట్టలేదు. కొత్తదైన జీఏ4 పెట్టించండి. దాంతోపాటు మైక్రోసాఫ్ట్ క్లారిటీ కూడా పెట్టించండి, రెండూ ఉచితమే, తెలిసినవాళ్లకు గంట పని. క్లారిటీలో మనిషి ఎవరో తెలియదు గానీ, స్క్రీన్ మీద ఎక్కడ నొక్కారు, ఎక్కడిదాకా స్క్రోల్ చేశారు, ఏ పేజీలో వెళ్లిపోయారు అన్నది వీడియోలాగా చూడొచ్చు. పనిచేయని చోట నొక్కినవీ, విసుగొచ్చి టకటకా నొక్కినవీ విడిగా చూపిస్తుంది.

ఆ లెక్కలు రావడానికి ఓ నెల పడుతుంది. ఈలోగా కంటితో చూసి చెప్పగలిగినవి చాలా ఉన్నాయి.

లింక్ ఇచ్చారు కాబట్టి మీ సైట్‌ను పదివేల లోపు ఫోన్‌లో, వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద ఓపెన్ చేశాను. ఎవరి సైట్ అయినా ఇలాగే చూడాలి. చేసేవాళ్లు పెద్ద మానిటర్ మీద చేస్తారు, మీకు ల్యాప్‌టాప్‌లో చూపిస్తారు, డబ్బులిచ్చే మీరు కూడా అందులోనే చూసి ఓకే అంటారు. కొనేవాళ్లు మాత్రం మెట్రోలో ఒక చేత్తో కడ్డీ పట్టుకుని రెండో చేతి బొటనవేలితో చూస్తారు. గూగుల్ కూడా 2023 అక్టోబరుకల్లా, కొద్ది సైట్లు తప్ప అన్నిటినీ మొబైల్‌లో కనబడే రూపాన్ని బట్టే ఇండెక్స్ చేసే (వెతుకులాట కోసం తన జాబితాలో చేర్చుకునే) పద్ధతికి మారిపోయింది. కాబట్టి ల్యాప్‌టాప్‌లో ఎలా ఉందన్నది రెండో సంగతి.

ముందు స్క్రీన్ మీద ఏముంది? ఇంటర్నెట్ నుంచి తీసిన ఎండుమిరపకాయల ఫోటో, దాని మీద ఇంగ్లీషులో 'వెల్‌కమ్ టు అవర్ వెబ్‌సైట్', మూడు సెకన్లకోసారి మారిపోయే నాలుగు బ్యానర్లు. ఏం అమ్ముతారు, ఎక్కడుంటారు, ఊరికి పంపుతారా, ఎంత అన్నవి ఒక్కటీ లేవు. ఏ పచ్చడి ఎంతో తెలియాలంటే నాలుగైదు సార్లు పైకి జరుపుకుంటూ పోవాలి. ఆ బ్యానర్లు తీసేసి ఒకే ఫోటో పెట్టండి, మీ అమ్మగారి చేత్తో కలిపిన ఆవకాయ జాడీది, షాపులోనే పగటి వెలుగులో ఫోన్‌తో తీసింది. దాని కింద "ఇంట్లో పట్టిన పచ్చళ్లు, పిండివంటలు. హబ్సిగూడ షాపులో దొరుకుతాయి, దేశమంతా కొరియర్ చేస్తాం, విదేశాలకూ పంపుతాం" అన్న మాట, ఫోన్ నంబరు, 'ధరలు చూడండి' అన్న బటన్. ఇంతే. ఇంటర్నెట్ ఫోటోలు పెట్టిన తిండి సైట్లంటే నాకు మొదటి నుంచీ పడదు, అదే మిరపకాయల ఫోటో ఇంకో నాలుగు పచ్చళ్ల సైట్లలో కూడా ఉంటుంది, చూసినవాళ్లకు ఇది నిజంగా ఉన్న షాపేనా అన్న అనుమానం వస్తుంది.

మీ సైట్‌కు వచ్చేది స్థూలంగా మూడు రకాలవాళ్లు. నగరంలోనే ఉండి షాపు ఎక్కడ, ఆదివారం తెరుస్తారా అని చూసుకునేవాళ్లు. ఒకసారి మీ గోంగూర తిని, పుణెకో బెంగళూరుకో తెప్పించుకోవాలనుకునేవాళ్లు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న పిల్లలకు పార్సిల్ పంపాలనుకునే తల్లిదండ్రులు. ఈ మూడు పనులూ నేను చేసి చూశాను.

మొదటి పని దగ్గరే ఇబ్బంది వచ్చింది. ఫోన్ నంబరు బ్యానర్ బొమ్మలో కలిపేశారు, నొక్కితే కాల్ వెళ్లదు, కాపీ చేసుకోవడానికీ రాదు. నంబరు గుర్తుపెట్టుకుని బయటికొచ్చి డయల్ చేసుకోవాలి. అడ్రసులో ఇంటి నంబరు, ప్లాట్ నంబరు, కాలనీ పేరు రాశారు. హైదరాబాద్‌లో ఇంటి నంబరు పట్టుకుని షాపు వెతికేవాళ్లు ఎవరండీ! మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఫ్లైఓవర్ కింద షాపులన్నీ పిల్లర్ నంబరుతోనే అడ్రస్ చెబుతాయి. మీకూ పక్కనే మెట్రో లైను ఉంది. హబ్సిగూడ స్టేషన్‌లో దిగితే ఎటు వైపు మెట్లు దిగాలి, ఏ పిల్లర్ దగ్గర లోపలికి తిరగాలి, ఎదురుగా ఏముంది, బండి ఎక్కడ పెట్టుకోవాలి, అవి రాయండి. పక్కనే గూగుల్ మ్యాప్ లింక్. టైమింగ్స్ సైట్‌లో ఒకటి, గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో (గూగుల్‌లో వెతికితే మీ షాపు వివరాలు కనబడే చోట) ఇంకొకటి ఉన్నాయి, రెండూ ఒకటి చేయండి.

రెండో పని ఇంకా కష్టపెట్టింది. గోంగూర పచ్చడి పావుకిలో ఎంచుకుని కార్ట్‌లో వేద్దామంటే, ఆ బటన్ మీదికే వాట్సాప్ ఆకుపచ్చ గుండ్రం వచ్చి కూర్చుంది. స్క్రీన్ కింద కుడి మూల ఎప్పుడూ తేలుతూ ఉండే ఆ గుర్తు ల్యాప్‌టాప్‌లో దేనికీ అడ్డు రాదు, చిన్న ఫోన్‌లో మాత్రం కొనే బటన్‌లో సగం మింగేస్తోంది. కార్ట్ అనుకుని నొక్కితే వాట్సాప్ తెరుచుకుంది. సరే వాట్సాప్‌లోనే అడుగుదామంటే ఆ నంబరు వాట్సాప్‌లో లేదంటోంది. ఎందుకంటే లింకులో పది అంకెలే పెట్టారు, ముందు 91 లేదు. వాట్సాప్ లింకులో దేశం కోడ్‌తో సహా నంబరు ఉండాలి, ప్లస్ గుర్తూ, నంబరు ముందు పెట్టే సున్నాలూ, మధ్యలో గీతలూ ఉండకూడదు. మీ షాపు బోర్డు చూసి మెసేజ్ చేసేవాళ్లకు నంబరు పనిచేస్తోంది కాబట్టి, సైట్ నుంచి వచ్చే వాట్సాప్ ఆర్డర్లు ఒక్కటీ మీకు చేరడం లేదని మీకు తెలిసే అవకాశమే లేకుండా పోయింది. ఇది నాకు చాలా బాధ కలిగించింది, ఎందుకంటే రెండు అంకెల తేడా ఇది.

ఎలాగో కార్ట్ దాకా వెళితే ముందు అకౌంట్ తెరవమంది. పావుకిలో పచ్చడికి పాస్‌వర్డ్ ఎందుకు? ఈమెయిల్ తప్పనిసరి అంది. మీ కొనుగోలుదార్లలో ఈమెయిల్ ఫోన్ కొన్నప్పుడు ఎవరో పెట్టిచ్చినది తప్ప గుర్తులేనివాళ్లు చాలామంది ఉంటారు. పేరు, ఫోన్, అడ్రస్, పిన్‌కోడ్ చాలు. ఫోన్ నంబరు దగ్గర ఇంకో తమాషా జరిగింది. నా ఫోన్ తనంతట తనే నంబరును ప్లస్ 91తో నింపేసింది, మీ ఫారమ్ పది అక్షరాలకు మించి తీసుకోనంది, దాంతో చివరి అంకెలు తెగిపోయి మొదటి పది అక్షరాలే మిగిలాయి. తప్పు అని కూడా చెప్పలేదు, అలాగే ముందుకు పోనిచ్చింది. అలా వచ్చిన ఆర్డర్ మీకు చేరినా కొరియర్ అబ్బాయి ఫోన్ చేసేది ఎవరికి? పాత ఆర్డర్లు తీసి చూడండి, తెగిపోయిన నంబర్లు దొరికితే దొరకొచ్చు. ప్లస్ 91, ఖాళీలు, ముందు సున్నా, ఎలా కొట్టినా తీసుకుని, చివరి పది అంకెలు తనే సరిచేసుకునేలా ఫారమ్ ఉండాలి. కొనేవాళ్లతో సరిచేయించకూడదు.

అన్నీ నింపాక చిట్టచివర డబ్బులు కట్టే చోట నూట ఎనభై రూపాయల కొరియర్ చార్జీ కలిసింది. పచ్చడి ఖరీదు నూట అరవై. ఇక్కడ నేను కొనేవాణ్ణయితే మూసేసి వెళ్లిపోయేవాణ్ణి, మీ కస్టమర్లు కూడా అదే చేసి ఉంటారు. చార్జీ తీసుకోవడం తప్పు కాదు, చివర్లో చెప్పడం తప్పు. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో 13 రకాల మోసపూరిత డిజైన్లను పేరుపెట్టి నిషేధించారు, మొదట ధర కొంత చూపించి చివర్లో పెంచే 'డ్రిప్ ప్రైసింగ్' వాటిలో ఒకటి. మీకు మోసం చేసే ఉద్దేశం లేదని తెలుసు, కానీ కొనేవాళ్లకు ఉద్దేశం కనబడదు, బిల్లు కనబడుతుంది. ప్రతి పచ్చడి పేజీలో ధర పక్కనే "కొరియర్ చార్జీ బరువును బట్టి" అని, కిలో దాకా ఎంతో, మూడు కిలోలకు ఎంతో రాసేయండి. కొరియర్ చార్జీ చూసి చాలామంది "ఎలాగూ అంతే కదా" అని ఇంకో రెండు రకాలు కలుపుకుంటారు, అది కూడా ముందే చెబితేనే జరుగుతుంది.

విదేశాలకు పంపే పేజీ గురించి క్లుప్తంగా చెబుతాను. అక్కడ అమెరికా పార్సిళ్లకు డ్యూటీ ఉండదని ఇంకా రాసి ఉంది. 800 డాలర్ల లోపు సరుకుకు అమెరికా ఇస్తూ వచ్చిన సుంకం మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేసింది. మీ కొరియర్ వాళ్లను ఇవాళ్టి లెక్క అడిగి, ఆ పేజీ తిరగరాసి, పైన 'ఫలానా తేదీన సరిచూశాం' అని తేదీ వేయండి. తేదీ కనబడితే తల్లిదండ్రులకు ఎంత ధైర్యమో మీరే చూస్తారు.

ఇదంతా నేను ఒక్కణ్ణి కూర్చుని చూసింది. నా కంటికి కనబడనివి ఇంకా ఉంటాయి, వాటికి అసలైన మార్గం కొనేవాళ్ల పక్కన కూర్చుని చూడటమే. యూజబిలిటీ, అంటే వాడటానికి ఎంత సులువో చూసే రంగంలో పెద్ద పేరున్న యాకబ్ నీల్సన్ 2000లోనే చెప్పిన లెక్క ఒకటుంది, అయిదుగురి చేత వాడించి చూస్తే ఉన్న ఇబ్బందుల్లో సుమారు 85 శాతం బయటపడతాయని. పదిహేను మందిని ఒకేసారి కూర్చోబెట్టే కన్నా అయిదుగురితో చూసి, సరిచేసి, మళ్లీ ఇంకో అయిదుగురితో చూడటం మేలని కూడా ఆయనే అన్నాడు. దీనికి ల్యాబులూ ఏజెన్సీలూ అక్కర్లేదు. మీ షాపులో కౌంటర్ పక్కన రెండు కుర్చీలు చాలు.

ఇంట్లోవాళ్లను పిలవకండి, వాళ్లకు సైట్ ముందే తెలుసు, మీ మొహం చూసి బాగుందంటారు. సాయంత్రం షాపుకొచ్చే వాళ్లలో ఒక ఆంటీని, ఒక కాలేజీ అమ్మాయిని, పిల్లలు విదేశాల్లో ఉన్న ఒక పెద్దాయనను, పక్క షాపులో పనిచేసే కుర్రాణ్ణి, ఇలా వేర్వేరు రకాలవాళ్లను పది నిమిషాలు అడగండి, వెళ్లేటప్పుడు ఒక సీసా పచ్చడి చేతిలో పెట్టండి. వాళ్ల ఫోన్‌లోనే తెరిపించండి, మీ ఫోన్ ఇవ్వకండి. "మా సైట్ ఎలా ఉంది?" అని అడగొద్దు, అడిగితే అందరూ బాగుందనే అంటారు. పని అప్పజెప్పండి. "విజయవాడలో ఉన్న మీ అక్కగారికి అరకిలో ఆవకాయ, కిలో అరిసెలు పంపాలి, మొత్తం ఎంతవుతుందో కనుక్కోండి" అనండి. అందులో సైట్‌లోని మాటలు వాడకండి, 'షిప్పింగ్ పేజీకి వెళ్లండి' అన్నారంటే దారి చూపించేసినట్టే. చేస్తూ చేస్తూ మనసులో ఏమనుకుంటున్నారో పైకి అనమనండి. తర్వాత మీరు నోరు విప్పకూడదు.

ఆ చివరిదే అన్నిటికన్నా కష్టం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బొటిక్ వాళ్ల సైట్‌ను ఇలాగే పరీక్షిస్తున్నప్పుడు, యాభై ఏళ్లుండే ఒకావిడ బ్లౌజ్ కుట్టించుకోవడానికి టైమ్ బుక్ చేయాలి. ఆవిడ డిజైన్ ఫోటో మీద నొక్కింది. ఏమీ కాలేదు. గట్టిగా నొక్కితే అవుతుందేమోనని మళ్లీ నొక్కింది, రెండు వేళ్లతో పెద్దది చేసి చూసింది, కళ్లజోడు సర్దుకుని ఫోన్ కొంచెం దూరం పెట్టుకుంది. ఫోటో కింద బూడిదరంగులో సన్నగా 'వ్యూ డీటెయిల్స్' అని ఉంది, లింక్ అదొక్కటే. బొటిక్ ఓనరమ్మ ఆగలేక "అక్కడ కాదు ఆంటీ, ఆ కింద అక్షరాల మీద నొక్కండి" అనేసింది. ఆవిడ "నాకే రావట్లేదమ్మా ఇవన్నీ, మా అమ్మాయైతే టక్కున చేసేస్తుంది" అని నొచ్చుకుంటూ ఫోన్ పక్కన పెట్టేసింది. తప్పు సైట్‌ది, నింద ఆవిడ తన మీద వేసుకుంది. మనవాళ్లలో ఈ అలవాటు చాలా ఎక్కువ, అందుకే ఎవరూ మీకు ఫోన్ చేసి "మీ సైట్ పనిచేయట్లేదు" అని చెప్పరు, మౌనంగా వెళ్లిపోతారు. పక్కన కూర్చుని చూస్తే తప్ప తెలియదు అనేది ఇందుకే. వాళ్లు ఆగిన ప్రతిచోటా ఒక కాగితం మీద గీత గీసుకోండి. ముగ్గురు ఒకేచోట ఆగారంటే ఇంకో అభిప్రాయం అక్కర్లేదు, అది మార్చాల్సిందే.

అక్షరాలూ బటన్లూ గురించి రెండు కొలతలు గుర్తుపెట్టుకోండి, ఏ డిజైనర్‌నైనా అడగొచ్చు. మామూలు సైజు అక్షరాలకూ వెనక రంగుకూ మధ్య కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కనీసం 4.5కు 1 ఉండాలని, చూపు తక్కువవాళ్లు కూడా వాడగలిగేలా పెట్టిన అంతర్జాతీయ యాక్సెసిబిలిటీ ప్రమాణం చెబుతుంది. మీ సైట్‌లో మీగడ రంగు మీద బంగారు రంగు అక్షరాలు దానికి దరిదాపుల్లో కూడా లేవు, మధ్యాహ్నం పూట ఎండలో ఫోన్ పట్టుకుని చూడండి, ధరలు అసలు కనబడవు. బటన్ల సంగతికొస్తే, ఆండ్రాయిడ్‌కు గూగుల్ చెప్పే కొలత 48 యూనిట్లు, ఇంచుమించు తొమ్మిది మిల్లీమీటర్లు. మీ ప్లస్, మైనస్ గుర్తులు అందులో సగం ఉన్నాయి, పక్కపక్కనే అతుక్కుని ఉన్నాయి.

తెలుగు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. మీ సైట్‌లో 'మా గురించి' అన్న పేజీ తెలుగులో ఉంది, సంతోషం, కానీ అది మొత్తం ఒక బొమ్మ. బహుశా కరపత్రం కోసం డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో కొట్టించిన మేటర్ అయి ఉంటుంది. అను పాత పద్ధతి ఫాంట్, ఫోన్లూ సైట్లూ అన్నీ చదవగలిగే యూనికోడ్ కాదు, అందులో కొట్టింది సైట్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి, అందుకని చేసినతను ఫోటో తీసి అతికించాడు. బొమ్మలో ఉన్న అక్షరాల మీద గూగుల్ వెతుకులాటకు భరోసా లేదు, చూపు లేనివాళ్లకు ఫోన్ చదివి వినిపించలేదు, చిన్న ఫోన్‌లో అక్షరాలు చీమల్లా అయిపోతాయి. మీ అమ్మగారి కథ అది, బందరు నుంచి వచ్చి ఇరుగుపొరుగుకు పచ్చళ్లు పట్టిస్తూ మొదలుపెట్టిన సంగతి, మీ సైట్ మొత్తంలో ఇంకెవరి దగ్గరా లేనిది అదొక్కటే. దాన్ని ఫోన్‌లో యూనికోడ్‌లో మళ్లీ టైప్ చేయండి, ఒక సాయంత్రం పని. గూగుల్ ఫాంట్స్‌లో నోటో సాన్స్ తెలుగు, మండలి, మల్లన్న, రామభద్ర లాంటివి ఉచితంగా దొరుకుతాయి. చదివే మేటర్‌కు నోటో సరిపోతుంది, శీర్షికలకు రామభద్ర నిండుగా ఉంటుంది. వరుసల మధ్య ఎడం మాత్రం ఇంగ్లీషుకు పెట్టినంతే పెడితే మన వత్తులు కింది వరుస గుడుల్లోకి వెళ్లి గుద్దుకుంటాయి, బటన్లలోనైతే వత్తులు సగానికి తెగిపోతాయి. మీ మెనూలో 'పచ్చళ్లు' అన్న చోట వత్తులు కనబడకుండా పోవడానికి కారణం అదే. అక్షరం సైజుకు 1.6 నుంచి 1.8 రెట్లు ఎడం పెట్టమనండి.

వేగం గురించి టెన్షన్ పడేవాళ్లు ఎక్కువ కాబట్టి దీన్ని త్వరగా ముగిస్తాను. సైట్ వేగాన్ని కొలిచే గూగుల్ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో మీ సైట్ మొబైల్ స్కోరు ఎర్రరంగులో, అంటే 50 లోపు ఉంది. ఏజెన్సీ వాళ్లు మీకు చూపించింది ఇదే కదా. ఆ స్కోరు ఒక మోస్తరు ఫోన్, నెమ్మది నెట్ ఉన్నట్టు ఊహించి లెక్కగట్టేది, ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది, 100 కోసం డబ్బులు పోయడం అనవసరం. చూడాల్సింది ముఖ్యమైన బొమ్మ లేదా మేటర్ 2.5 సెకన్ల లోపు కనబడుతోందా, నొక్కాక 200 మిల్లీసెకన్లలో స్పందిస్తోందా, చదువుతుంటే పేజీ ఎగిరి పడుతోందా అన్న మూడే. మీ విషయంలో నూటికి తొంభై పాళ్లు ఫోటోలే కారణం. ఫోన్‌లో తీసిన నాలుగైదు ఎంబీల ఫోటోలు తీసినవి తీసినట్టే ఎక్కించారు. సైజు తగ్గించి వెబ్‌పీ అనే తేలికైన ఫోటో రూపంలోకి మార్చి పెడితే ఒక్కొక్కటి నూటో నూటయాభయ్యో కేబీకి దిగుతుంది, ఆ నాలుగు బ్యానర్లు పోతాయి కాబట్టి సగం బరువు వాటితోనే పోతుంది. దీనికి లక్ష రూపాయలు అక్కర్లేదు.

నమ్మకం కలిగించేవి కూడా చూడండి. ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార లైసెన్సు) 14 అంకెల నంబరు సీసా లేబుల్ మీద ఉంది, సైట్‌లో లేదు. పచ్చడి ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది, ఏ నూనె వాడతారు, వెల్లుల్లి వేస్తారా వేయరా, సీసా పగిలి వస్తే ఏం చేస్తారు అన్నవి లేవు. వెల్లుల్లి సంగతి మీ కౌంటర్ దగ్గర రోజూ ఎంతమంది అడుగుతారో మీకే తెలుసు. కౌంటర్ దగ్గర వారం రోజులు అడిగిన ప్రశ్నలన్నీ ఒక నోటుబుక్కులో రాయించండి, సైట్‌లో ఏం రాయాలో అదే చెబుతుంది. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాల ప్రకారం వ్యాపారం పేరు, అడ్రస్, ఫిర్యాదులు చూసే వ్యక్తి వివరాలు సైట్‌లో ఉండాలి, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. మీ చిన్న షాపుకు ఆ వ్యక్తి మీరే, మీ పేరూ నంబరూ పెట్టండి.

ఇంకొకటి, సైట్ లోపలి వైపు. ధర మార్చాలంటే మీరు చేసినతనికి మెసేజ్ పెట్టి నాలుగు రోజులు ఎదురుచూస్తున్నామన్నారు. నూనె ధర పెరిగినప్పుడల్లా సైట్‌లో పాత ధర, షాపులో కొత్త ధర. ఆర్డర్ పెట్టినవాళ్లకు ఫోన్ చేసి "ఇంకో ముప్ఫై పంపండి" అనాల్సి వస్తోంది. ఆవకాయ సీజన్‌లో అయిపోయిన రకాలు కూడా ఉన్నట్టే చూపిస్తోంది. ధర మార్చడం, స్టాక్ లేదని పెట్టడం మీ అమ్మగారు తన ఫోన్‌లో తనే చేసుకోగలగాలి. సైట్ మంచిదా కాదా అన్న లెక్కలో ఇది కూడా పెద్ద భాగమే, బయటి అందం చూసేవాళ్లు దీన్ని అడగరు.

కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు: ఇప్పుడే మొత్తం మార్చక్కర్లేదు. వాట్సాప్ లింకులో 91, కార్ట్ బటన్ మీది నుంచి ఆ గుండ్రం జరపడం, ఫోన్ నంబరు ఫారమ్, ఈ మూడూ రేపే చేయించండి, గంటల పని. తర్వాత కొరియర్ చార్జీ ముందే చూపించడం, అకౌంట్ లేకుండా కొనే వీలు, మొదటి స్క్రీన్, ఫోటోలు. ఆ తర్వాత అక్షరాల రంగు, తెలుగు పేజీ. పాతతనే చేస్తే పదిహేను ఇరవై వేలు దాటకూడదు. ఇవి పూర్తయ్యాక షాపులో అయిదుగురితో చూడండి, నెల రోజుల అనలిటిక్స్ చూడండి. జనం వస్తున్నారు, కొనడం లేదు అని అప్పటికీ తేలితే ఏజెన్సీతో కూర్చోండి, క్లారిటీ రికార్డింగులు, మీ కాగితం మీద గీతలు ముందు పెట్టి "ఇక్కడ ఆగుతున్నారు, మీరేం మారుస్తారు, మారిందని ఎలా చూపిస్తారు" అని అడగండి. దానికి జవాబు చెప్పకుండా మోడర్న్ లుక్, ప్రీమియం ఫీల్ అని మాట్లాడితే లేచి రండి. జనమే రావడం లేదని తేలితే పాతతని మాట నిజమని ఒప్పుకుని, డబ్బు గూగుల్ ప్రొఫైల్ మీద, మంచి ఫోటోల మీద పెట్టండి.

వీటన్నిటికన్నా ముందు డొమైన్, అంటే మీ సైట్ చిరునామా, ఎవరి పేరు మీద ఉందో చూసుకోండి. మీరు రాసినదాన్ని బట్టి రెన్యువల్ డబ్బులు ఏటా అతనికే పంపుతున్నారు, లాగిన్ మీ దగ్గర లేదు. డొమైన్, హోస్టింగ్ (సైట్ ఫైళ్లు ఉంచే చోటు), అనలిటిక్స్, గూగుల్ ప్రొఫైల్, నాలుగూ మీ ఈమెయిల్, మీ ఫోన్ నంబరు మీదికి మార్పించుకోండి, పాస్‌వర్డ్లు మీ దగ్గర ఉండాలి. ఇంకో ఏజెన్సీతో మాట్లాడుతున్నామని అతనికి చెప్పకముందే, సంబంధాలు బాగున్నప్పుడే, మామూలుగా అడిగి తీసుకోండి.